హారన్ మీట మీద సున్నం చుక్క

జీపు చచ్చిపోయాక దాన్ని గుర్తుపట్టడం అంత తేలిక కాదు. చక్రాలు ఒకరు పట్టుకుపోతారు, సీట్లు ఇంకొకరి అరుగు మీదికి చేరతాయి. మిగిలిన డొక్కును చూసి ఇది ఫలానా జీపు అని చెప్పడం దాన్ని తయారుచేసినవాడి తరం కూడా కాదు. నేను మాత్రం గుర్తుపట్టాను. పోయిన వారం మహబూబ్‌నగర్‌లో పాత ఇనుము కొనే దుకాణం ముందు నిలబడి బీడీ ముట్టిస్తుంటే, లోపల ఒక జీపు పక్షవాతం వచ్చిన మనిషిలా ఒక పక్కకు ఒరిగి కనబడింది. డ్యాష్‌బోర్డు కింద నుంచి వైర్లు పేగుల్లా వేలాడుతున్నాయి. ఆ వైర్ల మీద జానెడు జానెడు దూరంలో తెల్లటి చుక్కలు.

బీడీ పారేసి లోపలికి వెళ్ళి ఒక చుక్కను గోటితో గీకి చూశాను. సున్నం. తమలపాకులో వేసుకునే సున్నం.

వైర్లకు సున్నం పెట్టే మనిషి నాకు తెలిసి లోకంలో ఒక్కడే. ఆయన కోస్గిలో ఉండేవాడు. పేరు నాకు తెలియదు. ఎవరికీ తెలియదనే నా అనుమానం. లారీవాళ్ళు, బస్సువాళ్ళు, జీపువాళ్ళు అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. బండ్ల కరెంటు పని ఆయనది. నాలుగు గుంజల మీద రెండు రేకులు, అదీ దుకాణం. బోర్డు లేదు, తలుపు లేదు. కరెంటు పని చేసే దుకాణానికి కరెంటు కూడా లేదు. ఇదేంది ఉస్తాద్ అని అడిగితే, "దవాఖానల డాక్టరు గూడ రోగంతోని కూసోవాల్నా?" అనేవాడు.

సన్నటి మనిషి. చొక్కా జేబులో పాన్‌డబ్బా ఉండేది. దాని బరువుకు చొక్కా ఎడమవైపు జారేది, చొక్కాతో పాటు ఆయనా ఎడమవైపే కాస్త వంగి నడిచేవాడు. దూరం నుంచి చూస్తే ఎప్పుడూ మలుపు తిరుగుతున్నట్టే ఉండేవాడు. పనిముట్లు మూడే. గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి. రెండు వైపులా వైరు అతికించిన చిన్న బల్బు ఒకటి. మూడోది పాన్ సున్నం దాచుకునే సున్నపుకాయ.

బల్బు వైరు ఒక కొసను బ్యాటరీకి తగిలించేవాడు. ఇంకో కొసకు దబ్బనం కట్టి, అనుమానమున్న వైరును అక్కడక్కడా గుచ్చేవాడు. బల్బు వెలిగితే ఒక మాట, వెలగకపోతే ఒక మాట. బాగున్నదని తేలిన చోటల్లా చూపుడువేలితో సున్నం చుక్క పెట్టి, "ఇది సాఫ్" అనేవాడు. సున్నం పడిన వైరు జోలికి ఇక పోయేవాడు కాదు. అలా మంచివాళ్ళందరినీ లేపి పంపించగా చివరికి దొంగ ఒక్కడే మిగిలేవాడు. పెళ్ళిభోజనాల్లో పిలవకుండా వచ్చినవాణ్ణి కూడా ఇలాగే పట్టవచ్చని నేనంటే, "నిన్ను పట్టుటానికి గంత కష్టమెందుకు, రెండోసారి పప్పు అడిగినోడే నువ్వు" అన్నాడు.

ఆయనకు ఒకే ఒక్క పట్టింపు ఉండేది. బండితో పాటు రోగం పేరు కూడా వెంట తెచ్చుకునేవాళ్ళు ఆయనకు గిట్టరు. ఒక రోజు ఒక లారీ డ్రైవరు దిగీ దిగకముందే, "డైనమో పోయింది ఉస్తాద్" అన్నాడు.

ఉస్తాద్ తలెత్తలేదు. "అయ్యో. దినాలెప్పుడు?"

"గది కాదు ఉస్తాద్, ఖరాబైంది."

"నీకెట్ల ఎరుక? చిట్టీ రాసిందా?"

"అందరు గదే అన్నరు."

"గా అందరి దగ్గరికే తోలుకపో."

అతను బతిమాలితే అప్పుడు చెప్పాడు ఆ మాట. వచ్చిన ప్రతివాడికీ చెప్పే మాటే. "చూసింది చెప్పు. అనుకున్నది నీ దగ్గరనే పెట్టుకో." ఆ లారీకి డైనమో నిక్షేపంగా ఉంది. బెల్టు వదులైంది. ఉస్తాద్ డైనమోకు సున్నం పెట్టి, "లేచి కూసున్నది, దినాలు బందు" అని పంపించాడు.

నేను అప్పుడు ఒక పంచాయతీ సమితిలో జీపు డ్రైవర్ని. నాలుగో తరగతిలో బడి మానేశాను. కాదు, బడే నన్ను మానేసిందని మా నాయిన అనేవాడు. ఒంటి మీది ఖాకీ చొక్కాను, కింద సర్కారు జీపును చూసి మా మామ నాకు పిల్లనిచ్చాడు. అల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, "జీపుల ఉంటడు" అనేవాడు, నేను అందులోనే పుట్టినట్టు. కాబట్టి జీపు పోతే నాకు పోయేది నౌకరి ఒక్కటే కాదు.

సమితి ప్రెసిడెంటును పటేలు అనేవాళ్ళం. మంచిమనిషే. కానీ ఆయన మాట్లాడటం మొదలుపెడితే 'నేను' అనే మాట లేకుండా ఊపిరి కూడా తీసుకోలేడు. ఆ ఏడు దసరాకు జీపుకు పూజ చేసి, రేడియేటరు ముందరి జాలీకి నిమ్మకాయలు, మిరపకాయల దండ కట్టించబోయాడు. నేను సుతిలి దారంతో కడుతుంటే ఆపి, "ఊరందరి కండ్లు గీ బండి మీదనే. సుతిలి ఆగుతదా?" అని, కంచె కోసం తెచ్చిన ఇనుపతీగ తెప్పించాడు. జాలీ లోపలికి చెయ్యి పెట్టి, చేతికి తగిలినదాన్నల్లా కలిపి చుట్టి, పటకారుతో తానే బిగించాడు. "దీన్ని ఎవడన్న ముట్టిండంటే వాని సంగతి చూస్త" అన్నాడు. ఎవరూ ముట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక ఊళ్ళో బడికి పునాదిరాయి. పట్నం నుంచి పెద్ద సారు ఒకాయన వచ్చాడు. ఆ ఊరికి కరెంటు లేదు కనక మైకుసెట్టును జీపు బ్యాటరీకి తగిలించారు. బ్యాటరీ దిగిపోకుండా ఇంజను నడుపుతూ కూర్చోవడం నా పని. వేదిక పక్కనే జీపు, జీపులో నేను, మైకు ముందు పటేలు.

"ఈ ఊరికి రోడ్డు తెచ్చింది ఎవరు? నేను" అన్నాడు పటేలు.

పోం అంది హారన్.

జనం ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. పటేలు కాస్త సర్దుకుని, "బాయి తవ్విచ్చింది ఎవరు? నేను" అన్నాడు. మళ్ళీ పోం. ఈసారి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూడోసారి ఆయన, "బడి తెచ్చింది ఎవరు?" అని ఊపిరి పీల్చుకుంటుండగానే, ఆయన కంటే ముందు హారన్ జవాబు చెప్పేసింది.

పెద్ద సారు నవ్వాడు. జనం నవ్వారు. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, ఒట్టు. కానీ నేనూ నవ్వాను. అదే నా మీద సాక్ష్యం అయింది.

మర్నాడు బీడీవో గారు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని కాగితం ఇచ్చాడు. పటేలు పిలిపించాడు.

"నొక్కలేదు పటేలా" అన్నాను.

"నొక్కకుంటె అదే కూసిందా? దానికేమన్న నోరుందా?"

"ఉన్నదే అదొక్కటి పటేలా."

అనకూడని చోట అనకూడని మాట. నా జన్మంతా అంతే. పటేలు మొహం ఎర్రబడింది. "నీ నోరు మంచిగ తెలుసు నాకు. మూడు దినాలల్ల హారన్‌ల ఖరాబు ఏడుందో చూపియ్యి. చూపియ్యకుంటె చాబీ బీడీవో సాబ్ మేజ మీద పెట్టి ఇంటికి పో."

జీపు తీసుకుని కోస్గి పోయాను.

ఉస్తాద్ బండిని ముట్టలేదు. ఎదురుగా గోనెపట్ట మీద కూర్చుని పాన్ మడుస్తూ, "చెప్పు" అన్నాడు.

"హారన్ ఖరాబైంది ఉస్తాద్."

"కూస్తలేదా?"

"కూసింది."

"కూస్తె మంచిగున్నట్టు గదా తమ్మీ. చూసింది చెప్పు."

మొదటి నుంచి చెప్పాను. మైకుసెట్టు, పునాదిరాయి, మూడుసార్లు పోం. ఆయన అన్నీ విని, "నవ్వినవా?" అన్నాడు.

"నవ్విన."

"మరి గది ఇడ్సిపెట్టి చెప్తున్నవేంది? అది గూడ చూసిందే కదా."

హారన్ సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ జీపులో హారన్ దాకా కరెంటు ఎప్పుడూ వచ్చి కూర్చుని ఉంటుంది. బయటికి పోవడానికి దానికి తోవ ఉండదు. స్టీరింగు నడిమధ్య మీట నొక్కితే, హారన్ నుంచి వచ్చే వైరు బండి ఇనుముకు తాకుతుంది, తోవ దొరుకుతుంది, హారన్ కూస్తుంది. ఆ వైరు ఇంకెక్కడైనా పైరబ్బరు చిరిగి ఇనుముకు తాకినా అదే కూత. వినేవాళ్ళకు తేడా తెలియదు.

ఉస్తాద్ హారన్ వైర్లు ఊడదీసి, వాటి మధ్య తన బల్బు పెట్టాడు. "నోరు మూసిన. ఇగ కన్నుతోని చెప్తది" అన్నాడు. ఇంజను నడపమన్నాడు. మీట నొక్కాను, బల్బు వెలిగింది. వదిలాను, ఆరింది. తర్వాత ఒక పాన్ నమిలి ఉమ్మేదాకా ఏమీ కాలేదు. అంతలో నేను ముట్టకుండానే బల్బు ఒకసారి కన్ను కొట్టింది.

నేను లేచి నిలబడ్డాను. ఆయన తొందరపడలేదు. మెల్లగా లేచి వచ్చి, స్టీరింగు కింద మీటకు పోయే వైరును ఊడదీసి గాలిలో వదిలేశాడు. "నొక్కు" అన్నాడు. నొక్కాను. బల్బు వెలగలేదు. మీటకూ హారన్‌కూ ఇప్పుడు సంబంధమే లేదు. "ఇగ నువ్వు దాని మీద పండుకున్నా ఏం కాదు" అని మళ్ళీ వెళ్ళి కూర్చుని రెండో పాన్ మడిచాడు. ఆ పాన్ సగం అయ్యాక బల్బు వెలిగింది.

"ఏం చూసినవ్?" అన్నాడు.

"నేను సాఫ్ ఉస్తాద్."

"అది అనుకున్నది. చూసింది చెప్పు."

"మీట వైరు ఊడిపోయి ఉన్నా బుగ్గ వెలిగింది."

"ఆఁ" అన్నాడు. నాకు నాలుగో తరగతి పాసైనంత సంతోషమైంది. ఆయన మీట మీద ఇంత పెద్ద సున్నం చుక్క పెట్టాడు. తర్వాత దబ్బనంతో మిగిలిన వైర్లను కూడా గుచ్చి చూస్తూ, ఒక్కొక్కటి తేలగానే చుక్క పెడుతూ, ముందుకు ముందుకు పోయి జాలీ దగ్గర ఆగాడు. ఎండిన నిమ్మకాయలు, నల్లబడ్డ మిరపకాయలు. వాటి ఇనుపతీగ హారన్ వైరును కూడా కలిపి జాలీకి బిగించి ఉంది. తీగ రబ్బరును తినేసింది. ఇంజను వణికినప్పుడల్లా లోపలి రాగి జాలీకి తాకుతోంది.

నేను పటకారు తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"కట్టిందెవరు?"

"పటేలు."

"పటేలే విప్పుతడు."

"నీ కాళ్ళు మొక్కుత ఉస్తాద్. ఈన్నే కోసేసి, వైరు ఖరాబుండె, బాగైంది అని ఒక్క ముక్క రాసియ్యి. దండదే తప్పని తెలిస్తె పటేలు నన్ను ఉంచుతడా?"

"కోసేస్తె ఖరాబు పోతది. నువ్వు నొక్కినవన్న మాట పోతదా?" అన్నాడు. నేను పటకారు సీటు కింద పడేశాను.

దుకాణం మూసే పని లేదు కనక ఆయన అలాగే వచ్చి జీపులో కూర్చున్నాడు. సమితి ఆఫీసు ముందు జీపు ఆగేసరికి పటేలు, బీడీవో గారు, వాళ్ళ చుట్టూ ఎప్పుడూ ఉండే నలుగురైదుగురు బయటికి వచ్చారు. ఊడిన మీట వైరును ఉస్తాద్ అందరికీ చూపించాడు. బల్బును పటేలు చేతికిచ్చాడు. "జర గీ బుగ్గ పట్టుకోండ్రి పటేలా. డ్రైవరు కిందికి దిగి దూరం నిలవడుతడు. మీరు ఏం చూసిన్రో గదే చెప్పుండ్రి."

నేను ఇంజను నడిపి దిగి, గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. పటేలు చేతిలో బల్బు కాసేపు ఊరుకుంది. తర్వాత వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఉస్తాద్ వేలితో ఇనుపతీగను చూపించాడు. దాన్ని బిగించిన చెయ్యి ఎవరిదో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఇక నా నౌకరి పోయినట్టే అనుకున్నాను, చాబీ బీడీవో గారి మేజ మీద పడిన చప్పుడు ముందే నా చెవుల్లో వినబడింది.

పటేలు గొంతు సవరించుకున్నాడు. "చూసిండ్రా, మన మీద ఎంత దిష్టి ఉన్నదో" అన్నాడు. "ఇనుపతీగల జొచ్చి వైరును కొరికింది. దండ అడ్డం పడ్డది గాని, లేకుంటె బండే కాలిపోతుండె."

"గంతే పటేలా, గంతే" అన్నారు నలుగురైదుగురూ. బీడీవో గారు కూడా తల ఊపాడు. ఆయన డిగ్రీ చదివినవాడు, కాబట్టి కొంచెం తక్కువ ఊపాడు.

నేను ఉస్తాద్ వైపు చూశాను. అనుకున్నది మీ దగ్గరనే పెట్టుకోండ్రి పటేలా అంటాడేమోనని గోడ దగ్గరి నుంచి ఒక అడుగు ముందుకు వేశాను. ఆయన నోరు తెరిచాడు. అందులో ఒక పాన్ పెట్టుకున్నాడు. నమిలి నమిలి, "మల్ల కట్టుకుంటె సుతిలితోని కట్టుకోండ్రి. దిష్టికి ఏం ఫరకు పడది" అన్నాడు.

పటేలే తీగ విప్పాడు. విప్పుతుంటే వేలికి గుచ్చుకుంది. బీడీవో గారు నా కాగితం మీద ఏదో రాసి కొట్టేశాడు. ఉస్తాద్‌ను తిరిగి కోస్గిలో దించినప్పుడు, ఆయన సున్నపుకాయ తీసి నా ఖాకీ చొక్కా గుండీ మీద ఒక చుక్క పెట్టాడు. "నువ్వు గూడ సాఫ్. జర నిలుపుకో" అన్నాడు.

నేను నిలుపుకోలేదు.

రెండు నెలలైనా కాకముందే ఇంకో ఊళ్ళో మీటింగు. అదే మైకుసెట్టు, అదే పటేలు, అదే నేను. "మీకు దవాఖాన తెచ్చేది ఎవరు?" అన్నాడాయన. నా బొటనవేలు నన్ను అడగకుండానే లేచింది. పోం. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఎంత తియ్యగా ఉంటుందో అలవాటున్నవాళ్ళకే తెలుస్తుంది. పటేలు నా వైపు కనీసం చూడలేదు. బీడీవో గారి చెవిలో, "మల్ల దిష్టి తగిలింది, కోస్గి పంపుండ్రి" అన్నాడు.

ఆ విధంగా సర్కారు ఆర్డరు మీద, లేని రోగానికి మందు కోసం ఉస్తాద్ దగ్గరికి పోయాను.

"చూసింది చెప్పు" అన్నాడు.

అన్నీ చెప్పాను. బొటనవేలు ఒక్కటి చెప్పలేదు. ఆయన బల్బు కట్టి, ఇంజను నడిపించి కూర్చున్నాడు. ఒక పాన్ అయింది. రెండు అయ్యాయి. రేకుల నీడ ఆయన మోకాళ్ళ మీది నుంచి నా కాళ్ళ మీదికి వచ్చింది. బల్బు వెలగలేదు. మధ్యలో నేను రెండు జోకులు వేశాను. ఆయన మొదటిదానికి నవ్వాడు. రెండోదానికి నా మొహం చూశాడు.

లేచి ఇంజను ఆపించాడు. భుజం మీది తువ్వాల కొసను కుండలో ముంచి, స్టీరింగు మీదికి వంగి, మీట మీది సున్నం చుక్కను తుడవడం మొదలుపెట్టాడు. ఎండిన సున్నం ఒక పట్టాన పోదు. తొందరేమీ లేనట్టు, మచ్చ కూడా మిగలకుండా తుడిచాడు. తిట్టి ఉంటే నేను తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి, బతికిపోయేవాణ్ణి.

తర్వాత సిగరెట్టు పెట్టె చింపి, లోపలివైపు పెన్సిలుతో ఒక ముక్క రాసి బీడీవో సాబ్‌కు ఇమ్మన్నాడు.

దారిలో ఒక కల్వర్టు దగ్గర జీపు ఆపి చదివాను. నాలుగు తరగతుల చదువుకు సరిపోయే మాటలే. "ఖరాబు దొరికింది. బండిల లేదు."

ఎన్నిసార్లు చదివినా అదే ఉంది. చింపి వాగులో వేయవచ్చు. చిట్టీ ఇయ్యలేదని చెప్పవచ్చు. చాబీ, ఖాకీ చొక్కా, జీపుల ఉంటడు అనే మా మామ, అన్నీ ఆ అట్టముక్క మీద కూర్చుని నన్ను చూస్తున్నాయి. చింపబోయాను కూడా. చొక్కా గుండీ మీద చుక్క కనబడింది. ఉతికితే పోయి ఉండేది, ఆ గుండీని మాత్రం నేను ఉతకనీయలేదు. జీపు ఎక్కి నేరుగా ఆఫీసుకు పోయి, చిట్టీ ఇచ్చి, చాబీ కూడా జేబులోంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

బీడీవో గారు చదివాడు. తిప్పి సిగరెట్టు పేరు కూడా చదివాడు. "బండిలో లేదు అంటే బండి బాగుంది" అని, దాని మీద 'బండి బాగుంది' అని రాసి, సంతకం పెట్టి ఫైలులో గుచ్చాడు. బండిలో లేకపోతే మరి ఎక్కడుందని ఆఫీసులో ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు వాళ్ళ దగ్గర కాగితం లేదు.

నేను ఆ తర్వాతా చాలాసార్లు కోస్గి పోయాను. ఉస్తాద్ ఎప్పటిలాగే ఎగతాళి చేసేవాడు, పాన్ పెట్టేవాడు. మీట మీద మాత్రం చుక్క పెట్టలేదు. ఒకసారి, "ఏంది ఉస్తాద్, మీటకు సున్నం తక్కువైందా?" అన్నాను నవ్వుతూ. "చెప్పేది ఏమన్నుంటె చెప్పు, పెడత" అన్నాడు. ఆ రోజు వేరే ఏదో జోకు చెప్పాను. నిజం చెబుదామని ఒక రోజు నిజంగానే పోతే గుంజలు ఉన్నాయి, రేకులు లేవు. జొన్నలు కోసేకాలంలోనే పోయాడని పాన్‌దుకాణం అతను చెప్పాడు. సున్నపుకాయ ఏమైందని అడిగాను. అతనికి తెలియదు.

మొన్న ఆ ఇనుము దుకాణంలో, రాగి కోసం వైర్లు పీకుతున్న మనిషి నేను అంతసేపు వంగి చూస్తుంటే పని ఆపాడు. "ఏమన్నా, అన్నిటికి సున్నం చుక్కలున్నయి, గీ హారన్ మీటకే లేదేంది?" అన్నాడు.

నా దగ్గర మూడు జవాబులు తయారుగా ఉన్నాయి. మూడూ నవ్వొచ్చేవే.

"దాన్ని నేను నొక్కిన" అన్నాను.

"ఎప్పుడు?"

"పటేలు మాట్లాడుతుంటె."

అతను మీటను పటకారుతో పెరికి, అందులో రాగి లేదని, బయట చెత్తకుప్పలో వేశాడు.